పాత ఫోర్ వీల్ డ్రైవ్ వ్యాను కొనడం: ఇంటికీ పనికీ ఒకే బండి చూసుకునేవారికి సమగ్ర మార్గదర్శి

వెనక డోరు మీద 4x4 అని బ్యాడ్జి ఉన్నంత మాత్రాన నాలుగు చక్రాలూ తిరుగుతున్నట్టు కాదు. పాత వ్యాన్లలో ఈ తేడా చాలా తరచుగా కనిపిస్తుంది. కారణం సులువైనదే: ఫోర్ వీల్ వ్యవస్థ పాడైనా బండి మామూలు రోడ్డు మీద హాయిగా నడుస్తుంది. చాలా మోడళ్లలో డ్యాష్‌బోర్డు మీద లైటు కూడా వెలగదు. యజమానికి కూడా తెలియకపోవచ్చు, తెలిసినా రిపేరు ఖర్చు చూసి వదిలేసి ఉండొచ్చు. కాబట్టి ఇంజిన్, బాడీ చూసినంత శ్రద్ధగా కింది సరంజామా కూడా చూడాలి. దానికంటే ముందు ఇంట్లో కూర్చుని చేయాల్సిన లెక్కలు కొన్ని ఉన్నాయి.

1. అసలు ఏ పనికి కావాలో తేల్చుకోండి

ఫోర్ వీల్ డ్రైవ్ బండిని కదిలించడానికి పనికొస్తుంది, ఆపడానికి కాదు. తడి రోడ్డు మీద, మంచు మీద బ్రేకు దూరం తగ్గేది మంచి టైర్ల వల్లే. నున్నటి టైర్లున్న ఫోర్ వీల్ వ్యాను కంటే కొత్త టైర్లున్న టూ వీల్ వ్యాను బురదలో కూడా మెరుగ్గా వెళ్లే సందర్భాలు బోలెడు. మీరు వెళ్లే దారి ఎప్పుడో ఒకసారి తడిసే మట్టి రోడ్డయితే, టూ వీల్ వ్యానుకు మంచి టైర్లు వేసుకుని మిగిలిన డబ్బు దాచుకోవడం తెలివైన పని.

ఫోర్ వీల్ నిజంగా కావాల్సింది ఇలాంటి చోట్ల: రోజూ ఎక్కాల్సిన నిటారు మట్టి రోడ్డు, ట్రైలరు లాగుతూ తడి గడ్డి మీద నుంచి బయటపడాల్సిన పని, నెలల తరబడి మంచు కురిసే ప్రాంతం, పనిముట్ల బరువంతా వెనక్కి పడి ముందు చక్రాలు తేలిపోయే ఫ్రంట్ వీల్ వ్యాను. గుంతలు, రాళ్లు దాటాలంటే కావాల్సింది వేరు. దానికి నేలకీ బండి అడుక్కీ మధ్య ఎత్తు, లో రేంజ్ గేర్ (బండిని చాలా నిదానంగా, ఎక్కువ బలంతో నడిపించేది) కావాలి. చాలా ఫోర్ వీల్ వ్యాన్ల ఎత్తు టూ వీల్ మోడల్ కంటే పెద్దగా ఎక్కువేమీ ఉండదు. పైగా చక్రాల మధ్య దూరం పెద్దది కాబట్టి దిబ్బ ఎక్కి దిగేటప్పుడు నడుము నేలకి రాసుకుంటుంది.

2. ఏ రకం వ్యవస్థో తెలుసుకోండి

పరీక్ష చేసే పద్ధతి, పాడయ్యే తీరు రెండూ దీని మీదే ఆధారపడతాయి. వ్యాన్లలో ప్రధానంగా కనిపించేవి నాలుగు రకాలు.

పార్ట్ టైమ్: మామూలుగా రెండు చక్రాలే తిరుగుతాయి. లీవరు వేస్తే, లేదా బటన్ నొక్కితే ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ బలాన్ని రెండు ఇరుసులకీ పంచే గేరు పెట్టె) ముందు, వెనక ఇరుసులను కలిపి బిగిస్తుంది. గట్టిది, బాగు చేయడం తేలిక. కాకపోతే పొడి తారు రోడ్డు మీద వాడకూడదు. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరుగుతాయి. ఆ తేడా పోవడానికి దారిలేక గేర్లు, షాఫ్టుల మీద మెలి పడుతుంది.

విస్కస్ కప్లింగ్: ఫోక్స్‌వాగన్ టీ3, టీ4 సింక్రోలు, చాలా ఫోర్ వీల్ టయోటా హయేస్‌లు ఈ కోవలోవి. మూసేసిన డబ్బాలో సిలికాన్ ద్రవం, చిల్లుల ప్లేట్లు ఉంటాయి. ఒక ఇరుసు జారి వేగంగా తిరిగితే ద్రవం బిగుసుకుని రెండో ఇరుసుకు బలం అందిస్తుంది. డ్రైవరు చేయాల్సిందేమీ లేదు. అయితే ఆ ద్రవం కాలంతో పాడవుతుంది, దాన్ని మామూలు షెడ్డులో మార్చలేరు.

ఎలక్ట్రానిక్ క్లచ్: ఫోక్స్‌వాగన్ టీ5, టీ6 ఫోర్‌మోషన్‌లలో వెనక డిఫరెన్షియల్ (మలుపులో రెండు వైపుల చక్రాలనూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు) ముందు ఉండే హాల్డెక్స్ ఇలాంటిదే. మిత్సుబిషి డెలికా డీ5 కూడా ఎలక్ట్రానిక్ కప్లింగ్‌తోనే నడుస్తుంది. తడి రోడ్లకీ మంచుకీ చక్కటి వ్యవస్థ. ఆయిల్ మార్చకపోతే చస్తుంది.

పర్మనెంట్: మధ్యలో డిఫరెన్షియల్ ఉండి నాలుగు చక్రాలూ ఎప్పుడూ తిరుగుతాయి. మెర్సిడెస్ వీటో 4మేటిక్ ఉదాహరణ. జారే చక్రాన్ని బ్రేకుతో పట్టి ఆపి, పట్టున్న చక్రానికి బలం పంపుతుంది. డెలికా ఎల్400 స్పేస్ గేర్‌లోని సూపర్ సెలెక్ట్ పార్ట్ టైమ్‌నీ, దీన్నీ కలిపింది. రెండు చక్రాలే తిరిగే 2హెచ్, పొడి రోడ్డు మీద కూడా వాడదగ్గ నాలుగు చక్రాల 4హెచ్, మధ్య డిఫరెన్షియల్ లాక్ చేసే 4హెచ్‌ఎల్‌సీ, లో రేంజ్ 4ఎల్‌ఎల్‌సీ అని నాలుగు స్థానాలుంటాయి. ఇల్లు, పని, మట్టి దారి మూడూ ఒకే బండితో సాగాలనుకునేవారికి కాగితం మీద ఇంతకంటే మంచిది దొరకదు. వయసు మాత్రం పైబడింది.

సాధారణంగా ఇల్లు ఒక చోట, పని మరో చోట, మధ్యలో తారు రోడ్డే ఎక్కువ అయితే మూడో రకమో నాలుగో రకమో చూడండి. తోటలోకో క్వారీలోకో రోజూ దిగే బండి అయితే లో రేంజ్ లేకుండా తీసుకోవద్దు. లో రేంజ్ లేని బండి బరువుతో నిటారు దారిలో ఆగి, వెనక్కి జారకుండా మళ్లీ కదలాలంటే క్లచ్‌నే కాల్చాలి.

3. బరువు లెక్క

వ్యాను చూడటానికి పెద్దదిగా ఉంటుంది కాబట్టి ఎంతైనా మోస్తుందనుకుంటారు. డోరు ఫ్రేము దగ్గరో, ఇంజిన్ గదిలోనో ఉండే ప్లేటు చూడండి. సాధారణంగా నాలుగు వరుసలుంటాయి: బండి మొత్తం అనుమతి బరువు, ట్రైలరుతో కలిపి అనుమతి బరువు, ముందు ఇరుసు పరిమితి, వెనక ఇరుసు పరిమితి. మొదటి అంకె నుంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మీరు ఎక్కించగలిగేది వస్తుంది. ఖాళీ బరువులో డ్రైవరుకి 75 కిలోలు కలిపారో లేదో చూసుకోవాలి, ఒక్కో దేశంలో ఒక్కో పద్ధతి.

ఉదాహరణకి మొత్తం అనుమతి 2,800 కిలోలు, డ్రైవరు లేకుండా ఖాళీ బరువు 2,050 అనుకుందాం. మిగిలింది 750. ఇద్దరు పెద్దలు 150, ముగ్గురు పిల్లలు 105, తర్వాత అమర్చిన రెండో వరుస సీటు 60, లోపలి అరలు, ప్లైవుడ్ పలకలు 100, పనిముట్లు 200, పైన ర్యాకు 30, నిచ్చెన 25, ట్రైలరు కొక్కెం 30. మొత్తం 700. చేతిలో మిగిలింది 50 కిలోలు. అంటే రెండు సిమెంటు బస్తాలు వేస్తే బండి పరిమితి దాటేస్తుంది. అదే మోడల్ టూ వీల్ అయితే ఈ లెక్క ఇంకాస్త వెసులుబాటుగా ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ కేసు, రెండో డిఫరెన్షియల్, షాఫ్టులు కలిపి సుమారు 100 కిలోలు తినేస్తాయి.

కంపెనీ పుస్తకంలో ఉన్న ఖాళీ బరువును నమ్మొద్దు. బేరం కుదిరే దశకి వచ్చాక కాటాకి తీసుకెళ్లి తూకం వేయించండి. ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి ఒకసారి, మొత్తం బండితో ఒకసారి తూయిస్తే రెండు ఇరుసుల లెక్కా తేలుతుంది. మొత్తం బరువు సరిగ్గా ఉండి వెనక ఇరుసు మాత్రం దాటిపోవడం వ్యాన్లలో మామూలు, ఎందుకంటే బరువైన సామాను ఎప్పుడూ వెనక డోరు దగ్గరే చేరుతుంది.

4. సీట్లు, గోడ, పిల్లలు

ఇక్కడ రాజీ పడొద్దు. సామాను వ్యానుకు తర్వాత సీట్లు వేయించి కుటుంబ వ్యానుగా అమ్మేవాళ్లు ఉంటారు. సీటు కింద చెయ్యి పెట్టి బోల్టులు ఎక్కడికి దిగాయో చూడండి. పల్చటి ఫ్లోరు రేకులోకి వాషరుతో బిగించి ఉంటే ప్రమాదంలో సీటు మనిషితో సహా ఊడి వస్తుంది. కంపెనీ వేసిన పాయింట్లలోకో, కింద మందపాటి ఉక్కు పలక వేసి చట్రానికి కలిపో బిగించి ఉండాలి. ఆ మార్పు రిజిస్ట్రేషన్ పత్రాల్లోకి ఎక్కి ఉండాలి. ఎక్కకపోతే బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది. ప్రతి సీటుకూ మూడు చోట్ల పట్టే బెల్టు, పిల్లల సీటుకి ఐసోఫిక్స్ కొక్కేలు ఉన్నాయా అని చూడండి.

ముందు వరుసలో ఇద్దరు కూర్చునే జంట సీటుంటే ఎయిర్‌బ్యాగ్ ఆపే స్విచ్చు ఉందో లేదో కనుక్కోండి. స్విచ్చు లేకపోతే వెనక్కి తిరిగి ఉండే పసిపిల్లల సీటు అక్కడ పెట్టకూడదు.

మనుషులకీ సామానుకీ మధ్య గట్టి గోడో, ఉక్కు జల్లెడో తప్పనిసరి. గంటకి 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి ముక్కు నలుగుతూ 70 సెంటీమీటర్లలో ఆగిందంటే లోపలి వస్తువుల మీద వాటి బరువుకి సుమారు 14 రెట్ల బలం పడుతుంది. 20 కిలోల టూల్ బాక్సు 280 కిలోల దెబ్బతో ముందుకొస్తుందన్నమాట. రెండో వరుస సీటు వెనక గోడ లేని వ్యాను తీసుకుంటే, దాన్ని పెట్టించే ఖర్చు కూడా ధరలో లెక్కేయండి. నేలకి సామాను కట్టే రింగులు ఊగుతున్నాయేమో లాగి చూడండి.

జారే డోరు రెండు వైపులా ఉంటే పిల్లలకీ సామానుకీ ఎంతో సౌకర్యం. ఎత్తయిన రూఫు తీసుకునేముందు మీరు రోజూ బండి నిలిపే షెడ్డు, పార్కింగు ఎత్తు టేపుతో కొలవండి. చిన్న సంగతే, కానీ కొన్నాక తెలిస్తే రోజూ గుర్తొస్తుంది.

5. ఇంతకాలం ఎవరి చేతిలో ఉంది

ఫోర్ వీల్ వ్యాన్లు కొత్తగా కొనేవాళ్లలో విద్యుత్తు, టెలిఫోన్ లైన్ల సంస్థలు, అటవీ శాఖలు, మంచు కొండల మీది హోటళ్లు, కట్టడాల కాంట్రాక్టర్లు ఎక్కువ. పెద్ద సంస్థల బండికి సర్వీసు కాగితాలు సక్రమంగా ఉంటాయి, కానీ డ్రైవర్లు మారుతూ ఉంటారు, సొంత బండి అన్న జాలి ఉండదు. మంచు ప్రాంతం బండి ఉప్పు చల్లిన రోడ్ల మీద తిరిగి ఉంటుంది కాబట్టి మీటరు తక్కువ చూపినా అడుగు తుప్పు తినేసి ఉండొచ్చు. విదేశం నుంచి వచ్చిన బండి అయితే మీటరు కిలోమీటర్లదా మైళ్లదా అన్నది, విడిభాగాలు మీ దగ్గర దొరుకుతాయా అన్నది కొనకముందే తేల్చుకోండి. కనీసం బ్రేకు ప్యాడ్లు, బెల్టులు, ఫిల్టర్లు, ముందు అద్దం దొరక్కపోతే ఆ బండి ఎంత బాగున్నా వద్దు.

లైన్ల పనికి వాడిన బండి గంటల తరబడి ఆగిన చోటే ఇంజిన్ ఆన్‌లో ఉంచుతారు. మీటరులో అది కనిపించదు. ఇంజిన్ గంటల లెక్క చూపే మోడల్ అయితే కిలోమీటర్లను గంటలతో భాగించండి. 2,00,000 కిలోమీటర్లకి 3,300 గంటలుంటే సగటు 60, అంటే హైవే బండి. అదే దూరానికి 7,000 గంటలు చూపిస్తే సగటు సుమారు 29 మాత్రమే. ఇంజిన్ రెట్టింపు అరిగిందని అనుకోవచ్చు.

మీటరు వెనక్కి తిప్పారేమో అన్న అనుమానం ఉంటే పెడల్ రబ్బర్లు, డ్రైవరు సీటు బయటి అంచు, స్టీరింగు పైభాగం చూడండి. సర్వీసు బిల్లుల్లో, ఫిట్‌నెస్ తనిఖీ కాగితాల్లో ఉన్న అంకెలు తేదీల ప్రకారం పెరుగుతూ వచ్చాయో లేదో వరసగా రాసుకుంటే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. చాసిస్ నంబరు కాగితం మీదా, చట్రం మీదా, అద్దం దగ్గరా ఒకటే ఉండాలి.

6. చల్లని ఇంజిన్‌తో మొదలుపెట్టండి

ముందే ఫోన్ చేసి బండి స్టార్టు చేయొద్దని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద, రేడియేటరు పైపు మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే స్టార్టింగు ఇబ్బంది దాచడానికి ముందే వేడి చేశారని అనుమానించాలి.

కూలెంట్ మూత చల్లగా ఉన్నప్పుడే తీయండి. రంగు తేటగా ఉండాలి. తుప్పు రంగు నీళ్లు, పైన నూనె తెట్టు ఉంటే అక్కడితో ఆపేయొచ్చు. మనుషుల వ్యాన్లకి ప్రత్యేకమైన జబ్బొకటి ఇక్కడుంది: వెనక వరుసకి వేడి గాలి ఇచ్చే హీటరు కోసం కూలెంట్ పైపులు బండి అడుగున చివరి దాకా వెళ్తాయి. అవి ఉక్కువైతే మట్టి, ఉప్పు తగిలి తుప్పు పట్టి సన్నగా కారతాయి. నీరు తగ్గిన సంగతి ఎవరూ చూడరు, ఇంజిన్ వేడెక్కుతుంది, దాని పై భాగమైన హెడ్డు పగులుతుంది. పాత డెలికా డీజిల్ బండ్లలో హెడ్డు పగలడం పేరుమోసిన సమస్య. అలాంటి బండిలో ఆ పైపుల పొడవునా చెయ్యి పెట్టి చూడటం బాడీ గీతలు లెక్కపెట్టడం కంటే ముఖ్యం.

చల్లని ఇంజిన్ స్టార్టు చేయగానే రేడియేటరు పై హోసు పిసికి చూడండి. స్టార్టు చేసిన ఒకటి రెండు నిమిషాలకే రాయిలా బిగిస్తే హెడ్ గ్యాస్కెట్ (హెడ్డు కింద ఉండే సీలు) దాటి ఇంజిన్‌లో మండిన గ్యాసు నీళ్లలోకి వస్తోందని అర్థం.

పొగ రంగు: వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే చాలాసార్లు కూలెంట్ కాలుతున్నట్టు, నీలం అయితే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది, బరువుతో ఎక్కేటప్పుడు నల్లగా వస్తే గాలో డీజిలో కొలత తప్పింది.

టైమింగు బెల్టా చైనా అని అడగండి. బెల్టు అయితే మార్చిన బిల్లు కావాలి, మాట చాలదు. మిత్సుబిషి 4డీ56 ఇంజిన్‌లో బ్యాలెన్సరు షాఫ్టుకి మరో చిన్న బెల్టు ఉంటుంది. అది తెగి టైమింగు బెల్టులోకి చుట్టుకుంటే ఇంజిన్ పోతుంది, కాబట్టి రెండూ మార్చారో లేదో చూడాలి. చైన్ ఇంజిన్ అయితే చల్లని స్టార్టులో మొదటి రెండు సెకన్లు గలగల వినండి. డెలికాలోని 4ఎం40లో సాగిన చైన్ ఇలాగే బయటపడుతుంది.

కొత్త డీజిల్ వ్యాన్లకి పొగ గొట్టం దారిలో మసి ఫిల్టరు ఉంటుంది. అది శుభ్రపడాలంటే బండి అప్పుడప్పుడూ ఆగకుండా చాలాసేపు వేగంగా నడవాలి. స్కూలుకీ, పక్క వీధి పనికీ మాత్రమే తిరిగే బండిలో శుభ్రపడటం సగంలో ఆగిపోతుంది. అందుకోసం అదనంగా చల్లిన డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్ స్టిక్ మీద ఆయిల్ గరిష్ఠ గీత దాటి, డీజిల్ వాసన వేస్తే అదే సంగతి. మీ వాడకమే అలా చిన్న చిన్న దూరాలైతే డీజిల్ వదిలి పెట్రోలు వ్యాను చూడటం మేలు.

స్కానర్ పెట్టి కోడ్లు చదివించండి. కోడ్లేవీ లేకుండా, స్వీయ తనిఖీలు పూర్తికానట్టు చూపిస్తే మీరొచ్చే ముందే ఎవరో చెరిపేసి ఉండొచ్చు.

7. కిందికి దూరండి

పాత బట్టలు, టార్చి, స్క్రూడ్రైవరు తీసుకెళ్లండి. వీలుంటే బండిని షెడ్డులో లిఫ్టు మీద పెట్టించండి. దానికిచ్చే డబ్బు ఈ బేరంలో అన్నిటికంటే లాభసాటి ఖర్చు.

మొదట ప్రొపెల్లర్ షాఫ్టు (బండి అడుగున ముందు నుంచి వెనక ఇరుసుకి బలం తీసుకెళ్లే పొడవాటి కడ్డీ) అసలు ఉందా అని చూడండి. నవ్వకండి. విస్కస్ కప్లింగో వెనక డిఫరెన్షియలో పోయినప్పుడు, రోడ్డు మీద శబ్దం రాకుండా షాఫ్టు విప్పేసి టూ వీల్‌గా నడుపుతూ ఫోర్ వీల్ ధరకి అమ్మడం జరుగుతూనే ఉంటుంది. ఎలక్ట్రానిక్ రకంలో వైరు సాకెట్టు పీకేసి ఉందేమో, ఫ్యూజు తీసేసి ఉందేమో చూడండి.

షాఫ్టును రెండు చేతులతో పట్టి తిప్పి, పైకి కిందికి ఊపండి. క్రాస్ జాయింటు దగ్గర కొద్దిగా ఊగినా మార్చాలి. జాయింటు చుట్టూ ఎర్రటి తుప్పు పొడి ఉంటే లోపలి సూది బేరింగులు ఎండిపోయాయి. మధ్య బేరింగు రబ్బరు చిరిగిందా చూడండి. ఇరుసుల రబ్బరు బూట్లు చిరిగి గ్రీజు చక్రం లోపలివైపు చిమ్మి ఉంటే జాయింటులోకి ఇసుక చేరిపోయింది, బూటు మారిస్తే సరిపోదు.

ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు డిఫరెన్షియళ్లు తడిగా ఉన్నాయా? తడిగా ఉంటే సీలు పోయిందని వెంటనే అనకండి. పైన ఉండే గాలి గొట్టం మట్టితో మూసుకుపోతే లోపలి ఒత్తిడి ఆయిల్‌ను సీలు దాటి నెడుతుంది. అదే గొట్టం వాగు దాటేటప్పుడు నీళ్లలో మునిగితే చల్లబడిన హౌసింగు నీళ్లు పీల్చుకుంటుంది. అమ్మేవాడు ఒప్పుకుంటే పైనుండే ఫిల్లర్ ప్లగ్గు విప్పి వేలితో ఆయిల్ తీసి చూడండి. పాలు కలిసిన రంగుంటే నీళ్లు. ప్లగ్గుకి ఉండే మాగ్నెట్ మీద బూజులాంటి సన్నటి పొడి మామూలే, గోరుకి తగిలే ముక్కలుంటే గేరు పళ్లు విరుగుతున్నాయి. ఎప్పుడైనా ముందు ఫిల్లర్ ప్లగ్గు విప్పి, తర్వాతే కింది డ్రెయిన్ ప్లగ్గు విప్పాలి. పైది ఇరుక్కుపోయి రాకపోతే ఖాళీ హౌసింగుతో నిలబడిపోతారు.

తుప్పు విషయంలో పైన బుడగలొచ్చిన పెయింటు కంటే కింద కనపడనిదే ప్రమాదం: జాకీ పెట్టే చోట్లు, డోరు కింది పెట్టెలు, వెనక కమాను పట్టీలు చట్రానికి తగిలే బ్రాకెట్లు, జారే డోరు కింది పట్టాలు, ముందు అద్దం చుట్టూ, చక్రాల గూళ్ల ప్లాస్టిక్ వెనక. స్క్రూడ్రైవరు పిడితో కొట్టుకుంటూ వెళ్లండి. గట్టి రేకు టంగుమంటుంది, తినేసిన రేకు చప్పగా మోగుతుంది. అడుగంతా నిన్ననే పూసినట్టు నల్లటి తారు కనిపిస్తే దాని కింద ఏముందో తెలుసుకోకుండా డబ్బు కట్టొద్దు.

ఆ తర్వాత నాలుగు టైర్లు. ఒకే కంపెనీ, ఒకే సైజు, ఒకే అరుగుదల ఉండాలి. ఇది అందం కోసం కాదు. 330 మిల్లీమీటర్ల వ్యాసార్ధమున్న కొత్త టైరు కిలోమీటరుకి సుమారు 482 చుట్లు తిరుగుతుంది. 3 మిల్లీమీటర్లు అరిగిన టైరు 487 తిరుగుతుంది. అంటే ప్రతి కిలోమీటరుకీ నాలుగైదు చుట్ల తేడాను కప్లింగు జారి భరించాలి, హైవే మీద గంటకి నాలుగు వందల పైచిలుకు. విస్కస్ కప్లింగ్ ఆ వేడికే ఉడికిపోతుంది. ముందు రెండు కొత్తవి, వెనక రెండు అరిగినవి ఉన్న ఫోర్ వీల్ బండి కనిపిస్తే ఆ యజమానికి తన బండి గురించి తెలియదని అర్థం చేసుకోండి.

8. ఫోర్ వీల్ నిజంగా పనిచేస్తోందా

పొడిగా ఉన్న ఖాళీ తారు నేల మీద స్టీరింగు పూర్తిగా తిప్పి, నడక వేగంలో రెండు వైపులా గుండ్రంగా తిప్పండి. టిక్ టిక్ అంటే ఇరుసు జాయింట్లు పోయాయి. ఎవరో బ్రేకు పట్టి లాగుతున్నట్టు బండి బిగిసి, టైర్లు కీచుమంటూ ఎగిరితే విస్కస్ కప్లింగ్ ముద్దకట్టి బిగుసుకుపోయింది, లేదా ఎలక్ట్రానిక్ క్లచ్ విడవడం లేదు. పార్ట్ టైమ్ బండిని ఈ పరీక్షకి టూ వీల్‌లోనే ఉంచాలి.

తర్వాత కంకర మీదకో ఇసుక మీదకో వెళ్లండి. పార్ట్ టైమ్ బండి అయితే ఆపి 4హెచ్ (మామూలు వేగాల ఫోర్ వీల్) వేసి మళ్లీ గుండ్రంగా తిప్పండి. ఈసారి కొంచెం బిగిసినట్టు ఉండాలి. ఏ తేడా లేకుండా స్వేచ్ఛగా తిరిగితే లీవరు కదిలిందే గానీ లోపల గేరు పడలేదు. లో రేంజ్ కూడా వేసి చూడండి, చాలా బండ్లలో అది ఏళ్ల తరబడి కదలక ఇరుక్కుపోయి ఉంటుంది. తిరిగి టూ వీల్‌లోకి సాఫీగా రావడం కూడా ముఖ్యం. ఎల్400లో డ్యాష్‌బోర్డు మీది చక్రాల బొమ్మ లైట్లు ఆగకుండా మిణుకుతుంటే చాలాసార్లు తప్పు గేర్లలో ఉండదు. వాక్యూమ్ పైపు చిరగడమో సొలినాయిడ్ (కరెంటుతో పనిచేసే చిన్న వాల్వు) పోవడమో అయి ఉంటుంది. చిన్న ఖర్చు, బేరానికి మాత్రం మంచి ఆయుధం.

దానంతట అదే పడే రకాలకి మరో మనిషి కావాలి. తడి గడ్డి లేదా వదులు కంకర ఎత్తు మీద ఆపి, వీలైతే ట్రాక్షన్ కంట్రోల్ (చక్రాలు జారకుండా ఆపే ఏర్పాటు) స్విచ్చు ఆపేసి, ఒక్కసారిగా కదిలించండి. పక్కన దూరంగా నిలబడ్డ మనిషి ఏ చక్రాలు తిరిగాయో చూడాలి. ముందు చక్రాలు ఒకటి రెండు చుట్లు ఊరికే తిరిగాక వెనకవి అందుకుంటే విస్కస్ బతికే ఉంది. ముందువి తవ్వుకుంటూనే ఉండి వెనకవి కదలకపోతే అది టూ వీల్ బండి, ఆ ధరకే అడగండి. వెనక చక్రాలు ప్రధానంగా తిరిగే బండి అయితే ఇదే తిరగేసి చూడాలి.

విస్కస్‌కి షెడ్డులో ఇంకో నమ్మకమైన పరీక్ష ఉంది. బండి గేరులో ఉంచి, మిగతా చక్రాలకి దిమ్మలు పెట్టి, కప్లింగ్ ద్వారా బలం అందే ఇరుసులో ఒక చక్రాన్ని మాత్రం పైకెత్తి చేత్తో నెమ్మదిగా తిప్పాలి. పాకంలో తిప్పినట్టు బరువుగా, నిదానంగా తిరగాలి. గాలిలో తిరిగినట్టు తిరిగితే ద్రవం చచ్చింది. అసలు కదలకపోతే బిగిసింది. ఇది జాకీ మీద ఒంటరిగా చేసే పని కాదు.

హాల్డెక్స్ బండికి ఆయిల్ మార్చిన బిల్లు అడగండి. సాధారణంగా మూడేళ్లకో 60,000 కిలోమీటర్లకో మారుస్తారు. కొత్త తరంలో మార్చే ఫిల్టరు ఉండదు, పంపుకి చిన్న జాలీ మాత్రం ఉంటుంది. క్లచ్ ప్లేట్ల నుంచి రాలే పొడి ఆ జాలీకి నల్లటి ముద్దగా పేరుకుంటుంది, పంపు ఆయిల్ లాగలేక కాలిపోతుంది. ఆయిల్ మాత్రమే మార్చి పంపు విప్పి జాలీ కడగని సర్వీసు సగం సర్వీసే.

9. రోడ్డు మీద

కనీసం అరగంట నడపండి, అందులో కొంత హైవే ఉండాలి. యాక్సిలరేటరు వదిలినప్పుడు మాత్రమే ఊళ వినిపిస్తే డిఫరెన్షియల్, వేగంతో పెరిగే గుయ్‌మనే చప్పుడు స్టీరింగు తిప్పితే మారితే చక్రం బేరింగు, ఒక వేగం దగ్గర మొదలై ఇంకో వేగం దగ్గర ఆగిపోయే వణుకు ప్రొపెల్లర్ షాఫ్టు. రివర్సు నుంచి ముందుకి మారినప్పుడు దబ్ అంటే క్రాస్ జాయింట్లు.

మాన్యువల్ అయితే నాలుగో గేరులో నిదానంగా వెళ్తూ యాక్సిలరేటరు పూర్తిగా తొక్కండి. ఇంజిన్ చప్పుడు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. ఇంజిన్ ఆపే క్షణంలో టకటకమంటే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (క్లచ్ దగ్గర ఇంజిన్ కుదుపును తగ్గించే చక్రం) అరిగింది. ఫోర్ వీల్ బండిలో ట్రాన్స్‌ఫర్ కేసు లేదా షాఫ్టులు విప్పితే గానీ గేర్ బాక్స్ దిగదు కాబట్టి కూలీ ఎక్కువ అడుగుతారు. ఆటోమేటిక్ అయితే డ్రైవ్‌లో వేశాక రెండు సెకన్లకి మించి తడబడకూడదు.

10. బేరం, మొదటి సర్వీసు

దొరికిన లోపాలన్నీ కాగితం మీద రాసి, ఒక్కోదానికీ మెకానిక్ చెప్పిన ఖర్చు పక్కన వేసి చూపించండి. ఒట్టి నోటి బేరం కంటే ఇలా అయితే ధర ఎక్కువ దిగుతుంది. కొన్న ధరలో 15 నుంచి 20 శాతం మొదటి ఏడాది రిపేర్లకి పక్కన పెట్టలేకపోతే ఆ బండి మీ అందుబాటులో లేదనే లెక్క.

ఇంటికి తెచ్చిన వారంలో అన్ని ఆయిళ్లూ మార్చేయండి: ఇంజిన్, గేర్ బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు డిఫరెన్షియల్, వెనక డిఫరెన్షియల్, హాల్డెక్స్ ఉంటే అది కూడా. ఒక్కో డిఫరెన్షియల్‌కి లీటరు, లీటరున్నర ఉంటుంది, ఖచ్చితమైన కొలత, గ్రేడు మీ మోడల్ పుస్తకంలో చూడాలి. జీఎల్-4 రకం గేర్ ఆయిల్ అడిగిన గేర్ బాక్స్‌లో జీఎల్-5 రకం పోయిస్తే ఇత్తడి సింక్రో రింగులు త్వరగా పాడవుతాయి. కొన్ని ట్రాన్స్‌ఫర్ కేసులకి గేర్ ఆయిల్ కాకుండా ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కావాలి. బ్రేకు ఆయిల్, కూలెంట్ కూడా అప్పుడే మార్చండి. షాఫ్టుకి గ్రీజు నిపుల్స్ ఉంటే అన్నిటికీ గ్రీజు కొట్టించండి, ఒక్కటి వదిలేసినా అదే ముందు పోతుంది.

స్టెప్నీ కూడా మిగతా నాలుగింటి సైజుదే అయి ఉండాలి. చిన్న తాత్కాలిక చక్రం వేసుకుని ఫోర్ వీల్‌లో దూరం వెళ్తే టైర్ల తేడా గురించి పైన చెప్పిన నష్టమే జరుగుతుంది. పది వేల కిలోమీటర్లకోసారి టైర్లు ముందు వెనకలు మార్చండి. పార్ట్ టైమ్ బండి అయితే నెలకోసారి మట్టి మీద ఫోర్ వీల్, లో రేంజ్ వేసి కొద్ది దూరం నడపండి, అప్పుడే లోపలి ఫోర్కులు, సీళ్లు ఆయిల్‌తో తడిసి కదలికలో ఉంటాయి.